జైల్లో పోతే ‘సహజ మరణం’ అని రాసి ఫైలు మూసేయడమేనా?

కృష్ణలంక అబ్బాయి:
మా బాబాయి నాలుగేళ్ల క్రితం రిమాండ్‌లో ఉండగా పోయాడు. కాగితంలో ‘గుండెపోటు, సహజ మరణం’ అని రాశారు. అంతకుముందు ములాఖత్‌కి వెళ్లిన మా పిన్నితో ‘రెండు రోజుల నుంచి ఛాతీలో నొప్పి, బిళ్ల ఇచ్చి పంపేస్తున్నారు’ అన్నాడు. ఆ రెండు రోజుల సంగతి ఎక్కడా లేదు. 2022లో దేశం మొత్తం జైళ్లలో 1,995 మంది పోతే అందులో 1,773 సహజ మరణాలని ఎన్‌సీఆర్‌బీ (కేంద్రం కింద నేరాల లెక్కలు తీసే సంస్థ) లెక్క. ఆ సహజంలో మా బాబాయిలాంటి వాళ్లు ఎంతమంది?

బ్రాడీపేట వకీలు:
కస్టడీ మరణం మీద పోలీసుల దర్యాప్తు కాక మేజిస్ట్రేట్ విచారణ కూడా జరగాలండీ. 2005 సవరణతో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 176(1ఏ)గా వచ్చింది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో సెక్షన్ 196. వీలైతే భార్యాపిల్లలకు కబురు పెట్టి, విచారణలో కూర్చోనివ్వాలి కూడా. మీ పిన్నిగారిని పిలిచారా?

కృష్ణలంక అబ్బాయి:
లేదండీ.

గుంటూరు మాజీ వార్డర్:
జైలుకి వచ్చేవాళ్లలో షుగరు, టీబీ, తాగుడు మానేసి వణికేవాళ్లు ఎందరో. ప్రతి చావునీ హత్యలా చూడకండి. మా దగ్గర ఎవరు పోయినా 24 గంటల్లో మానవ హక్కుల కమిషన్‌కి రిపోర్టు వెళ్లేది, ఆర్డీవో వచ్చి విచారించేవారు.

బ్రాడీపేట వకీలు:
ఆర్డీవో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, అంటే రెవెన్యూ అధికారి. 176(1ఏ) అడిగింది జ్యుడిషియల్ మేజిస్ట్రేట్‌ని, అంటే కోర్టు జడ్జిని.

గుంటూరు మాజీ వార్డర్:
అనుమానం ఉంటేనే జడ్జిగారు వస్తారు.

బ్రాడీపేట వకీలు:
సెక్షన్‌లో ‘అనుమానం ఉంటే’ అన్న మాట లేదు. చనిపోతే అని ఉంది. సహజమా కాదా తేల్చడానికే కదా విచారణ?

పటమట శ్రీను:
పోస్ట్‌మార్టం వీడియో తీస్తారుగా, అందులో తెలియదా?

గుంటూరు మాజీ వార్డర్:
తీస్తారు. దెబ్బలు లేవని తేలింది కాబట్టే సహజం అని రాస్తారు.

కృష్ణలంక అబ్బాయి:
కొట్టారని నేను అన్నానా సార్? ఎవరొచ్చి విచారించారన్నది కూడా కాదు నా గొడవ. నొప్పి అన్నప్పుడు ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదు? మీలాంటి వాళ్లు పట్టించుకోకే మా బాబాయి పోయాడు.

గుంటూరు మాజీ వార్డర్:
మాటలు జాగ్రత్త బాబూ. రాత్రిపూట ఖైదీని గేటు దాటించాలంటే ఎస్కార్ట్ కావాలి. ఆ పోలీసులు ఆర్మ్‌డ్ రిజర్వ్ నుంచి రావాలి. ఒక రాత్రి ఫోన్ మీద ఫోన్ చేశాను, మూడు గంటలకి గానీ రాలేదు. ఆ పెద్దాయన తల నా ఒడిలో ఉండగానే ప్రాణం పోయింది. నాకు మెమో ఇచ్చారు. సహజ మరణం అని తేలాకే అది పోయింది. ఆ మాట లేకపోతే నా ఉద్యోగం ఉండేది కాదు. ఇద్దరు ఆడపిల్లలు నాకు.

కృష్ణలంక అబ్బాయి:
ఆ మూడు గంటలు రికార్డులో రాశారా సార్?

గుంటూరు మాజీ వార్డర్:
ఫలానా టైముకి నొప్పి అన్నాడు, ఫలానా టైముకి తీసుకెళ్లాం అని రాస్తే మధ్యలో ఎవరున్నారని అడుగుతారు. ఉన్నది నేను. ఎస్కార్ట్ పంపనివాళ్లని ఎవరూ అడగరు.

బ్రాడీపేట వకీలు:
2017లో సుప్రీంకోర్టు దీన్నే అడిగింది. సకాలంలో వైద్యం అందక పోతే అది సహజ మరణమా, అసహజ మరణమా అని.

కృష్ణలంక అబ్బాయి:
సార్, మీరు ఫోన్ చేసిన టైము రాసి ఉంటే ఎస్కార్ట్ వాళ్లని అడిగేవారు. రాయలేదు కాబట్టే మెమో మీకొచ్చింది. ఆ పెద్దాయన ఇంట్లోవాళ్లకి ఇప్పటికైనా ఈ సంగతి తెలుసా?

గుంటూరు మాజీ వార్డర్:
తెలియదు. వాళ్లది తెనాలి దగ్గర పల్లె. ఊరు గుర్తుంది.