వేప్ (ఈ-సిగరెట్) పరికరం నెమ్మదిగా ఛార్జ్ అవుతోంది: అడాప్టర్ మార్చాలా, సెల్ బయటకు తీసి ఛార్జ్ చేయాలా?

నీలిమేఘం (చర్చ ప్రారంభం)

నేను వాడుతున్నది ఒకే 18650 సెల్ (స్థూపాకారపు లిథియం అయాన్ బ్యాటరీ) పట్టే మాడ్, అంటే సెల్ బయటకు తీయగలిగే వేప్ పరికరం. సెల్ సామర్థ్యం 3000 మిల్లీఆంపియర్ అవర్లు, ఛార్జింగ్ కరెంట్ 1 ఆంపియర్ అని పరికరం పెట్టె మీద ముద్రించి ఉంది. మొదట్లో నాలుగు గంటల్లోపు నిండిపోయేది. ఇప్పుడు ఏడు గంటలు దాటుతోంది, అందులోనూ తొంభై శాతం దాటాక అంకె చాలాసేపు కదలకుండా ఉండిపోతోంది. తెలిసినవారిని అడిగితే పరస్పర విరుద్ధమైన సలహాలు వచ్చాయి. ఫోన్‌కు వాడే ఎక్కువ వాట్ల అడాప్టర్ పెడితే సరిపోతుందని కొందరు, అసలు పరికరంలో ఉంచి ఛార్జ్ చేయడమే సరికాదని, సెల్‌ను తీసి విడి ఛార్జర్‌లో పెట్టాలని మరికొందరు గట్టిగా చెబుతున్నారు. వీటిలో ఏది సరైనదో కారణాలతో సహా వివరించమని సభ్యులను కోరుతున్నాను.

రాగితీగ

నీలిమేఘం గారూ, మొదటి సలహాను పక్కన పెట్టండి. అడాప్టర్ మీద రాసి ఉన్న ఆంపియర్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠ పరిమితి మాత్రమే. అందులో ఎంత తీసుకోవాలన్నది పరికరం లోపలి ఛార్జింగ్ చిప్ నిర్ణయిస్తుంది. చిన్న పరికరాల్లో విరివిగా కనిపించే టీపీ 4056 చిప్‌నే తీసుకుంటే, దాని గరిష్ఠ కరెంట్ 1 ఆంపియర్. బోర్డు మీద ఉన్న ఒక చిన్న రెసిస్టర్ ఆ కరెంట్‌ను ముందే ఖరారు చేస్తుంది: 1.2 కిలోఓమ్‌లది ఉంటే 1 ఆంపియర్, 2 కిలోఓమ్‌లది ఉంటే సుమారు 0.58 ఆంపియర్. అలాంటి బోర్డుకు 65 వాట్ల అడాప్టర్ తగిలించినా ఒక్క నిమిషం కలిసిరాదు.

అడాప్టర్ తక్కువది అయినప్పుడు మాత్రం తేడా తప్పకుండా వస్తుంది. ప్రమాణం ప్రకారం కంప్యూటర్‌లోని యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇస్తాయి. మీరు చెప్పిన ఏడు గంటలు సగం ఆంపియర్‌కు సరిపోయే లెక్క, కనుక దేనికి తగిలిస్తున్నారో ముందు చూసుకోండి.

నా అసలు అనుమానం కేబుల్ మీద ఉంది. సన్నని కేబుళ్లలో వాడే 28 గేజి రాగి తీగకు మీటరుకు దాదాపు 0.21 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. కరెంట్ వెళ్లి తిరిగి రావాలి కాబట్టి రెండు మీటర్ల కేబుల్‌లో అది నాలుగు మీటర్ల తీగను దాటుతుంది, 1 ఆంపియర్ దగ్గర 0.85 వోల్టులు దారిలోనే పోతాయి. అడాప్టర్ ఇచ్చిన 5 వోల్టుల్లో పరికరానికి చేరేది 4.15 మాత్రమే అయినప్పుడు, 4.2 వోల్టుల వరకు నిండవలసిన సెల్‌కు పూర్తి కరెంట్ అందే అవకాశమే లేదు. చిప్ తీసుకునే కరెంట్ దానంతట అదే పడిపోతుంది. అదే పొడవులో అంతకన్నా మందమైన 24 గేజి తీగ ఉంటే నష్టం 0.34 వోల్టులకు మించదు. ఒక మీటరు లోపు మందపాటి కేబుల్‌తో ఒకసారి పరీక్షించండి. కేబుల్‌కు, పరికరానికి మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటరు ఉంటే, ఊహించే పని లేకుండా వోల్టేజ్, కరెంట్ రెండూ కంటికి కనిపిస్తాయి.

వోల్టుమీటరు

రాగితీగ గారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ తొంభై శాతం దగ్గర ఆగిపోతోందన్న ఫిర్యాదుకు కేబుల్ ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేను. లిథియం అయాన్ సెల్ రెండు దశల్లో నిండుతుంది. మొదటి దశలో కరెంట్ స్థిరంగా ఉండి వోల్టేజ్ పెరుగుతుంది. 4.2 వోల్టులకు చేరగానే రెండో దశ మొదలవుతుంది; వోల్టేజ్‌ను అక్కడే పట్టి ఉంచితే కరెంట్ క్రమంగా తగ్గుతూ వచ్చి, సాధారణంగా సెల్ సామర్థ్యంలో ఇరవయ్యో వంతు దగ్గర, అంటే మీ సెల్‌కు 150 మిల్లీఆంపియర్ల దగ్గర ఛార్జింగ్ ఆగుతుంది. అందువల్ల చివరి భాగం నెమ్మదించడం సహజమే. పైగా తెర మీద కనిపించే శాతం చాలా పరికరాల్లో వోల్టేజ్‌ను బట్టి వేసిన అంచనాయే కనుక, ఆ దశలో అంకె కదలకపోయినా సెల్ మాత్రం నిండుతూనే ఉంటుంది.

అయితే ఆ చివరి దశ మునుపటికన్నా బాగా సాగుతోందంటే సెల్ వయసును అనుమానించాలి. వాడకం పెరిగేకొద్దీ సెల్ అంతర్గత నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగిన సెల్‌లోకి కరెంట్ వెళ్తున్నప్పుడు వోల్టేజ్ అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది, దాంతో ఛార్జర్ 4.2ను త్వరగా చేరి, కరెంట్ తగ్గించే దశలోకి ముందుగానే వెళ్లిపోతుంది. వేప్ పరికరాల్లో ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట (కాయిల్) కోసం సెల్ నుంచి ఎన్నో ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతాం కాబట్టి, ఈ ముసలితనం నెమ్మదిగా వాడే టార్చిలైటులో కంటే ముందుగా బయటపడుతుంది. ఇంకో అలవాటును కూడా గమనించండి: సెల్ 3 వోల్టుల కిందికి పోయేదాకా వాడితే, మంచి ఛార్జింగ్ చిప్ మొదట్లో పూర్తి కరెంట్‌లో పదో వంతు మాత్రమే ఇచ్చి సెల్‌ను మెల్లగా లేపుతుంది. ఆ ఆలస్యం లోపం కాదు, సెల్‌ను కాపాడే ఏర్పాటు.

తేల్చుకోవడానికి ఒకే పరీక్ష చాలు. అదే మాడ్‌లో, అదే కేబుల్‌తో, అదే సామర్థ్యం ఉన్న కొత్త సెల్ పెట్టి చూడండి. సమయం తగ్గితే పాత సెల్ అలసిపోయినట్లే.

నిబ్బరం

కేబుల్, సెల్ అంటూ ఎంత వెతికినా మూల ప్రశ్న మిగిలే ఉంది. సెల్ బయటకు వచ్చే పరికరమైతే దాన్ని విడి ఛార్జర్‌లోనే నింపాలన్నది నా స్థిరమైన అభిప్రాయం. మాడ్‌లో ఛార్జింగ్ సర్క్యూట్, కాయిల్‌ను నడిపే సర్క్యూట్, సెల్ అన్నీ ఇరుకైన ఒకే పెట్టెలో ఉంటాయి. 5 వోల్టులు తీసుకుని 3.7 వోల్టుల సెల్‌కు 1 ఆంపియర్ ఇచ్చే టీపీ 4056 వంటి చిప్ మిగిలిన 1.3 వాట్లను వేడిగానే వదులుతుంది. ఆ వేడి హద్దు దాటితే చిప్ తానే కరెంట్ తగ్గించుకుంటుంది. నీలిమేఘం గారి ఆలస్యంలో దీని వాటా కూడా ఉండవచ్చు. విడి ఛార్జర్‌లో ఆ వేడి సెల్‌కు దూరంగా ఉంటుంది, ప్రతి అరలో ఎంత కరెంట్ వెళ్తోందో తెలుస్తుంది. సెల్ చేతికి వచ్చిన ప్రతిసారీ దాని తొడుగు చిరిగిందా, అంచు నొక్కుకుపోయిందా అని చూసుకోగలుగుతాం. 18650 సెల్ పై బొడిపె తప్ప మిగతా లోహపు డబ్బా అంతా నెగటివ్ ధ్రువమే కాబట్టి, తొడుగుకు పడిన చిన్న చిరుగు కూడా షార్ట్‌కు దారి తీయగలదు.

రెండు సెళ్లు వరుసగా ఉండే మాడ్‌ల విషయంలో నా వాదన ఇంకా బలపడుతుంది. అక్కడ 5 వోల్టులను 8.4కు పెంచి, రెండు సెళ్లనూ సమానంగా నింపుకుంటూ పోవాలి. ఒక సెల్ వెనకబడితే రెండోది దాని కోసం ఆగవలసిందే. అమెరికా అగ్నిమాపక పాలనా సంస్థ 2017లో ప్రచురించిన నివేదికలో ఈ-సిగరెట్లు పేలిన, మంటలంటుకున్న ఘటనలు 2009 నుంచి 2016 వరకు 195 నమోదైనట్లు ఉంది. వాటిలో 48 ఛార్జింగ్ సమయంలోనే జరిగాయి.

రాగితీగ

నిబ్బరం గారూ, అదే నివేదికలో మరో అంకె కూడా ఉంది. పరికరం గానీ విడి సెళ్లు గానీ జేబులో ఉండగా జరిగినవి 61, అంటే ఛార్జింగ్‌లో జరిగిన వాటికన్నా ఎక్కువ. సెల్‌ను రోజూ బయటకు తీయమనే సలహా ఇచ్చేటప్పుడు, దానికి గట్టి ప్లాస్టిక్ డబ్బీ ఉండాలని, తాళంచెవులతో, నాణేలతో కలిపి వేయకూడదని, తిరిగి పెట్టేటప్పుడు ధ్రువాలు చూసుకోవాలని కూడా అదే వాక్యంలో చెప్పాలి. విడి ఛార్జర్ దానంతట అదే భద్రత కాదు. రెండు సెళ్ల మాడ్‌ల గురించి మీరు చెప్పినదాన్ని అంగీకరిస్తాను. ఒకే సెల్ ఉన్నదానికి, బోర్డు నాణ్యమైనదైతే, పరికరంలో ఛార్జ్ చేయడాన్ని తప్పుపట్టడానికి నాకు కారణం కనబడదు.

ఫోన్ అడాప్టర్ సంగతి మళ్లీ ఎత్తుతున్నాను. అమెరికాలోని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వేప్‌తో పాటు వచ్చిన ఛార్జర్‌నే వాడాలని, ఫోన్ లేదా టాబ్లెట్ ఛార్జర్ వాడవద్దని, రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయవద్దని స్పష్టంగా సూచించింది. ప్రమాణాలకు కట్టుబడిన అడాప్టర్ అడగనిదే 5 వోల్టులు దాటదు కదా అని కొందరు వాదిస్తారు. ఆ మాట నిజమే. కానీ పరికరం లోపలి బోర్డు ఎంత జాగ్రత్తగా తయారైందో మనకు పైనుంచి కనిపించదు, కాబట్టి తయారీదారు చెప్పిన దానికే కట్టుబడటం మంచిది.

తేటనీరు

పెద్ద వాదన మధ్యలో చిన్న సంగతులు మరుగున పడకూడదని రాస్తున్నాను. ట్యాంకు నుంచి కారిన ద్రవంలోని గ్లిజరిన్ జిగటగా ఉండి పోర్టులో దుమ్మును పట్టి ఉంచుతుంది, అప్పుడు ప్లగ్ చివరి వరకు దిగదు. పరికరాన్ని ఆపి, సెల్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన సన్నని పుల్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. లోహపు సూది ఎప్పుడూ వాడకూడదు. రెండు కొనలా టైప్ సి ఉన్న కేబుల్‌తో అసలు ఛార్జ్ కాక, పాత రకం ప్లగ్ ఉన్న కేబుల్‌తో అవుతోందంటే, పరికరం తగిలిందని అడాప్టర్‌కు తెలిపేందుకు లోపల ఉండవలసిన 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లను తయారీదారు పెట్టలేదని అర్థం. అప్పుడు అడాప్టర్‌ను నిందించి ప్రయోజనం లేదు. ఇక 510 అనే రకం మరలు (ట్యాంకును, ఛార్జర్‌ను బిగించేవి) ఉన్న పెన్ను ఆకారపు పరికరాల్లో, ఛార్జర్‌ను అతిగా బిగించడం వల్ల నడిమి పిన్ లోపలికి అణగిపోతుంది, స్పర్శ సరిగా కుదరక ఛార్జింగ్ ఆగుతూ సాగుతూ ఉంటుంది.

నీలిమేఘం

అందరికీ ధన్యవాదాలు. యూఎస్‌బీ మీటరు తెచ్చి కొలిచాను. అడాప్టర్ పరికరంతో వచ్చినదే, కేబుల్ మాత్రం విడిగా కొన్న రెండు మీటర్లది. దానితో 0.47 ఆంపియర్లు, పొట్టి మందపాటి కేబుల్‌తో 0.94 ఆంపియర్లు చూపించింది. పోర్టు శుభ్రంగానే ఉంది. అయితే కేబుల్ మార్చాక కూడా చివరి దశ దీర్ఘంగానే సాగుతోంది, కొత్త సెల్ పెడితే అది గణనీయంగా తగ్గింది. పాత సెల్ తొడుగు చెక్కుచెదరలేదు. దాన్ని ఇంకా వాడవచ్చా?

నిబ్బరం

దాన్ని పూర్తిగా నింపి, బయటకు తీసి డబ్బీలో ఉంచి, మరునాడు మల్టీమీటరుతో కొలవండి. 4.15 దగ్గర నిలిస్తే తక్కువ వాట్ల వాడకానికి ఉంచుకోవచ్చు, అది కూడా ఛార్జింగ్‌లో చేతికి వేడి తగలనంత వరకే. వాడకుండానే 4.1 దిగువకు జారితే ఇక వద్దు. రాగితీగ గారు ఒకే సెల్ మాడ్‌కు మినహాయింపు ఇచ్చినా, ఇలా నీరసించిన సెల్‌ను మాత్రం మాడ్‌లో ఛార్జ్ చేయవద్దని నేను మళ్లీ చెబుతున్నాను. పారవేయవలసి వస్తే రెండు కొనలకూ టేపు అంటించి, చెత్తలో కలపకుండా, పాత బ్యాటరీలు సేకరించే చోట అప్పగించండి.