ఆరోగ్యశ్రీ ఎవరి చేతిలో ఉండాలి: ఇన్సూరెన్స్ కంపెనీయా, ట్రస్టా?

బెజవాడ బాబాయ్:
మన పాత ఆరోగ్యశ్రీని ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం కదా, దాన్ని హైబ్రిడ్ పద్ధతికి మార్చడానికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకుంది. రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా సర్కారు నడిపే ట్రస్టు. నాకిది నచ్చింది. ఇప్పుడైతే ఆసుపత్రులకు సర్కారు బకాయిలు పేరుకుంటాయి, ఆసుపత్రులు సేవలు ఆపేస్తాయి, చర్చలంటారు, కొంత విదిలిస్తారు. రెండు రాష్ట్రాల్లోనూ ఇదే తంతు. ప్రీమియం ముందే కట్టేస్తే ఈ గొడవే ఉండదు.

పాలమూరు పిల్ల:
బాబాయ్, 2007లో ఈ పథకం మొదలైందే ఇన్సూరెన్స్ కంపెనీతో. తొలి విడతలో మా మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలు. ట్రస్టు చేతికి పూర్తిగా వచ్చింది తర్వాతే. అయినా ప్రీమియం కట్టేదీ సర్కారే. ఆసుపత్రికి టైముకు ఇవ్వలేనివాళ్లు కంపెనీకి మాత్రం టైముకు కడతారా? పైగా కంపెనీ లాభం అదనపు ఖర్చు.

బెజవాడ బాబాయ్:
లాభం సరే అమ్మా, దొంగ బిల్లుల మీద కంపెనీకి ఉండే కన్ను సర్కారుకి ఉంటుందా?

డెస్క్ నంబర్ 4:
ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో ఆరేళ్లు కూర్చున్నాను. ట్రస్టు కేసైతే ప్రీ-ఆథ్, అంటే వైద్యానికి ముందస్తు అనుమతి, వస్తుంది, డబ్బు రాదు. కంపెనీ కేసైతే డబ్బు వస్తుంది, కానీ క్వెరీ మీద క్వెరీ. "బీపీ ఎన్నాళ్లనుంచి?" అని డిశ్చార్జ్ రోజు అడుగుతారు. క్యాష్‌లెస్‌కి గంటలో జవాబు, డిశ్చార్జ్‌కి మూడు గంటలు అని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో రూలు పెట్టింది. మా డెస్కు మీద గడియారం వేరేలా నడిచేది లెండి.

బాబాయ్ గారూ, ఆ కన్ను దొంగ బిల్లు దగ్గరే ఆగదు.

కోనసీమ కొబ్బరి:
మీరంతా ఆపరేషన్ థియేటర్ దగ్గరే ఆగిపోయారు. మా నాన్నగారికి గుండెకి స్టెంట్ వేశారు, ఆరోగ్యశ్రీలోనే, పైసా తీసుకోలేదు. దణ్ణం పెట్టాలి. ఫాలో-అప్ కింద ఏడాది మందులూ ఇచ్చారు. ఆ తర్వాత? రక్తం పలచబడే బిళ్ల, కొలెస్ట్రాల్ బిళ్ల, షుగర్ బిళ్లలు, మూణ్ణెల్లకోసారి టెస్టులు, అన్నీ జేబులోంచే. పోయినేడు రెండు నెలలు మందు మానేశారు, మాకు చెప్పకుండా. "బాగానే ఉన్నానుగా" అన్నారు. మళ్లీ ఆయాసం వస్తే, అదే కార్డు మీద లక్షలు పెట్టి చూస్తారట. నెల మందులకు మాత్రం ఇవ్వరట!

పాలమూరు పిల్ల:
ఇది అసలు పాయింటు. 2023 డిసెంబరులో తెలంగాణలో వైద్య ఖర్చు పరిమితి 10 లక్షలు చేశారు, ఆంధ్రలో 25 లక్షలు. అంత బిల్లు ఎంతమందికి వస్తుంది? ఫ్లెక్సీ మీద అంకె పెద్దగా కనిపిస్తుంది, అంతే.

డెస్క్ నంబర్ 4:
ధరల సంగతి కూడా మర్చిపోకండి. 2017 ఫిబ్రవరిలో స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టారు, మందు పూసినదానికి 29,600 రూపాయలు. అలాంటి కట్టడి రూమ్ రెంటుకీ టెస్టులకీ ఎందుకు ఉండకూడదు?

బెజవాడ బాబాయ్:
సరే, మందుల విషయంలో ఓడిపోయాను. కానీ కొబ్బరి గారూ, ఆసుపత్రిలో చేరకుండా ఇంట్లో వాడే ఓపీ మందులు కూడా కార్డులో పెడితే బకాయి రెట్టింపవుతుంది. అప్పుడు మెడికల్ షాపువాళ్లూ షట్టర్ దించేస్తారు.

కోనసీమ కొబ్బరి:
కార్డెందుకండీ? మా ఊరి పీహెచ్‌సీలో ఆ నాలుగు బిళ్లలూ నెలనెలా అయిపోకుండా ఉంచమనండి చాలు.