నాన్నకు ఇన్సులిన్ మొదలుపెట్టమన్నారు, ఆయన ససేమిరా అంటున్నారు

తెనాలి_అమ్మాయి: నాన్నకు 64. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 10.6. రాత్రిపూట 10 యూనిట్లతో ఇన్సులిన్ మొదలుపెడదామన్నారు డాక్టరుగారు. "ఒకసారి సూది పట్టుకుంటే చచ్చేదాకా వదలదు" అని నాన్న మొండికేశారు. నిజమేనా?

కాకినాడ_రావు: ముమ్మాటికీ నిజం. మా అమ్మకు మొదలుపెట్టిన ఏడాదిలోనే కాలు తీసేశారు.

పాప_నాన్న: రావుగారూ, కాలు పోయింది ఇన్సులిన్ వల్ల కాదు, అంతకుముందు ఏళ్ల తరబడి దిగని షుగర్ వల్ల. మా పాపకు ఆరేళ్లకే టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని షుగర్. రోజుకు నాలుగు పోట్లు. 1922లో టొరంటోలో ఓ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఇలాంటి పిల్లలు ఎక్కువకాలం బతికేవాళ్లే కాదు.

కాకినాడ_రావు: అడిగింది టైప్ 2, ఎక్కువగా పెద్దయ్యాక వచ్చే షుగర్ గురించి. జీవితాంతమా కాదా, అది చెప్పండి.

పాప_నాన్న: కొందరికి జీవితాంతం. ఆపరేషనప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు వాడి మానేసినవాళ్లూ ఉన్నారు. అయినా బీపీ మాత్ర జీవితాంతం మింగడం లేదా?

కాకినాడ_రావు: మళ్లీ దాటేశారు.

పల్లెటూరు: ఫ్రిజ్ లేకపోతే ఎలా?

మందులషాపు_శీను: వాడుతున్న సీసా ఎండ తగలకుండా చల్లటి చోట పెడితే నెల దాకా పర్లేదు. వేసవిలో మట్టికుండ వాడతారు. గడ్డకట్టించకూడదు. అసలు జాగ్రత్త సిరంజి దగ్గర. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు 40 గుర్తున్న సిరంజే. పెన్ (పెన్నులా ఉండే ఇన్సులిన్ సూది) మందు 100, దాన్ని 40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఎక్కుతుంది.

పాప_నాన్న: చదువుకున్నవాళ్లే ఇలా భయపెడితే పెద్దాయన ఏం వేసుకుంటారు?

కాకినాడ_రావు: భయపెడుతున్నానా? మా అమ్మకు చూపు ఆనదు. సిరంజి మీద గీతలు కనపడేవి కాదు. కాలు పోయాక కూడా తనే వేసుకునేది. ఓ రాత్రి సూది వేసుకుని, అన్నం తినకుండా పడుకుంది. లో షుగర్. పొద్దున పాలవాడు తలుపు కొడితే పలకలేదు. నేను మస్కట్‌లో ఉన్నాను.

పాప_నాన్న: క్షమించండి. మా ఇంట్లో రాత్రి రెండింటికి లేచి చూడ్డానికి ఇద్దరం ఉన్నాం. ఆ సంగతి తట్టలేదు.

తెనాలి_అమ్మాయి: నాన్న కూడా ఒక్కరే ఉంటారు, నేను పుణెలో. "రోజూ ఎవరు పొడుస్తారే?" అన్నారు మొన్న. నవ్వులాటకనుకున్నాను.

మందులషాపు_శీను: డాక్టరుగారితో ఈ మాటే చెప్పండి. పెన్ అయితే గీతలు వెతుక్కోనక్కర్లేదు, అంకె తిప్పుకోవడమే. మంచం పక్కన గ్లూకోజు డబ్బా ఉంచండి.

కాకినాడ_రావు: అన్నీ బాగానే ఉన్నాయి. రాత్రి తిన్నారో లేదో ఫోన్ చేసి అడుగుతావా అమ్మా, రోజూ?