కత్తిరి ఎండల్లో నీళ్లు తెగ తాగుతున్నాడు: ఇన్సులిన్ ఆపేసిన పిల్లికి షుగర్ మళ్లీ వచ్చినట్టేనా?

పెరంబూరు రిటైర్డ్:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉండేది చెన్నై పెరంబూరులో. ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో చేసి రిటైరయ్యాను. ఇంట్లో షుగర్ పేషెంట్లం ఇద్దరం, నేనూ మా జమీందారూ. జమీందారంటే పిల్లి. పదేళ్ల మగపిల్లి, ఆపరేషన్ అయింది. మా అమ్మాయి ఆ పేరు పెట్టి, వాణ్ణి మాకు అప్పగించి, ఉద్యోగానికి పుణె వెళ్లిపోయింది. వాడి వాలకం చూస్తే పేరు సరిగ్గానే కుదిరిందనాలి.

నిరుడు షుగర్ బయటపడింది. వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి నడిచేవాడు, బాగా చిక్కిపోయాడు. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ పొద్దున ఒక యూనిట్, రాత్రి ఒక యూనిట్. మా ఆవిడ పట్టుకుంటే నేను వేసేవాణ్ణి. ఎండు గింజలు మానిపించి తడి తిండికి మార్చాం. షుగర్ దిగుతూ వచ్చింది, డోసు తగ్గిస్తూ తగ్గిస్తూ సంక్రాంతి ముందు డాక్టరే ఇన్సులిన్ పూర్తిగా ఆపించారు. ఇన్సులిన్ లేకుండా కనీసం నాలుగు వారాలు షుగర్ మామూలుగా ఉంటే రెమిషన్ అంటారట. కాళ్లు కూడా బాగుపడ్డాయి, మళ్లీ బీరువా ఎక్కి కూర్చుంటున్నాడు.

ఇప్పుడు కత్తిరి, అదే మే నెల మండుటెండల కాలం, మొదలైంది. నీళ్ల గిన్నె సాయంత్రానికల్లా ఖాళీ. నాకు టెన్షన్. చెవి అంచున గుచ్చి నా గ్లూకోమీటర్‌తోనే చూస్తే 109, 118, అలా వస్తోంది. టీకా కోసం దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడ 246! దారి పొడుగునా ఆటోలో అరుస్తూనే ఉన్నాడు, అక్కడ బెంచీ పక్కన ఓ లాబ్రడార్ వీడి బుట్టలో ముక్కు పెట్టింది. అక్కడి కొత్త డాక్టరు ‘పాత డోసే మళ్లీ మొదలుపెట్టండి’ అన్నాడు. నాకు మింగుడు పడలేదు, వేయలేదు. పాత సీసా ఫ్రిజ్ తలుపులో అలాగే ఉంది.

ఏ అంకెను నమ్మాలి? ఎన్నాళ్లకోసారి గుచ్చాలి? దూది చూస్తే చాలు, మంచం కిందికి దూరుతున్నాడు. నీళ్లు తాగేది ఎండకా, షుగర్‌కా? ఇంకోటి, మేడ మీది మామి వీడికి తైర్ సాదం, అదే పెరుగన్నం, పెడుతోందని నా అనుమానం. మీసాలకు మెతుకులు అంటించుకుని దిగుతాడు. అడిగితే ‘ఒక్క ముద్దే కదా సార్’ అంటుంది.

వేళచ్చేరి పిల్లులమ్మ:

బాబాయ్ గారూ, ముందు ఇన్సులిన్ వేయనందుకు దండం. పిల్లి భయపడితే షుగర్ అప్పటికప్పుడు పెరుగుతుంది. ఏ రోగం లేని పిల్లికి కూడా క్లినిక్‌లో 250, 300 రావడం నేను చూశాను. షుగర్ నిజంగా మామూలుగా ఉన్న పిల్లికి ఇన్సులిన్ పడితే షుగర్ మరీ దిగిపోయి ఫిట్స్ రావచ్చు. ఆ లాబ్రడార్ ముక్కు విలువ వంద పాయింట్లయినా ఉంటుంది.

అలాగని మీ 118ని కూడా గుడ్డిగా నమ్మకండి. మనుషుల మెషిన్ పిల్లి రక్తానికి సాధారణంగా తక్కువ చూపిస్తుంది. అసలుది ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఎప్పుడూ అదే మెషిన్, అదే వేళ, తిండికి ముందు చూస్తుంటే ఎటు పోతోందో తెలుస్తుంది, మనకు కావలసింది అదే. మావాడికి ఇన్సులిన్ ఆపిన కొత్తలో వారానికోసారి చూడమన్నారు, ఇప్పుడు నెలకు ఒకటి రెండు సార్లు. మీ మెషిన్‌లో రెండు మూడు రోజులు వరసగా 180 దాటితే మాత్రం ఆగకండి, డాక్టరుకి ఫోన్ చేయండి.

ఇక నీళ్ల సంగతి. గిన్నె చూస్తే లాభం లేదు, లిట్టర్ (వాడు ఉచ్చ పోసే పెట్టెలోని మట్టి, తడిస్తే ఉండ కడుతుంది) చూడండి. ఎండకు తాగిన నీళ్లు చాలావరకు ఒంట్లోంచి ఆవిరై పోతాయి, ఉచ్చ పెద్దగా పెరగదు. షుగర్ పెరిగి మూత్రంలోకి దిగితే అది నీళ్లను వెంట లాక్కుపోతుంది, అప్పుడు లిట్టర్‌లో ఉండలు నిమ్మకాయంత ఉన్నవి బత్తాయంత అవుతాయి. నేను రోజూ పొద్దున తీసిన ఉండలన్నీ ఒక కవర్లో వేసి వంటింటి త్రాసు మీద తూచి రాసుకుంటాను. మా అత్తగారు ఆ త్రాసును ఇక ముట్టుకోనన్నారు, కొత్తది కొనిచ్చాం.

మూత్రంలో షుగర్ ఉంటే రంగు మారే స్ట్రిప్ కూడా పనికొస్తుంది. వాడు కూర్చున్నప్పుడు వెనక నుంచి పొడుగు కాడ గరిటె పెట్టేయండి. ఒక్క సంగతి: మనుషుల్లో షుగర్ 180 దాటితే మూత్రంలో కనిపిస్తుంది, పిల్లుల్లో దాదాపు 250 దాటాలి. కాబట్టి స్ట్రిప్ రంగు మారలేదంటే అంతా బాగుందని కాదు, మరీ చెడిపోలేదని.

బరువు చూడటం మరవద్దు. లగేజీ తూచే కొక్కెం త్రాసుకు బుట్టతో సహా తగిలించండి. తింటూనే చిక్కుతున్నాడంటే షుగర్ వైపే అనుమానించాలి. మామికి మాత్రం నేనైతే ఒక తడి తిండి ప్యాకెట్ ఇచ్చి ‘మీ చేత్తో ఇదే పెట్టండి’ అంటాను. పెట్టొద్దంటే వినరు.

నెత్తళ్ల పులుసు:

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. అక్కడ పిల్లులకు షుగర్‌కి రోజుకో మాత్ర వచ్చిందట, సూది గొడవే లేదు. ఎవరి చేతైనా తెప్పించుకోండి సార్. తిండికి ఉడకబెట్టిన చికెనో నెత్తళ్లో పెడితే సరి, ప్యాకెట్లకు డబ్బు దండగ.

పశువైద్యుణ్ణి, తిరుపతి వాణ్ణి:

పై సలహా రెండు ముక్కలూ ప్రమాదమే. ఆ మందులు బెక్సాగ్లిఫ్లోజిన్ (మాత్ర), వెలాగ్లిఫ్లోజిన్ (నోట్లో పోసే ద్రవం). అమెరికాలో 2022లో ఒకటి, 2023లో ఒకటి అనుమతి పొందాయి. అంతకు ముందు ఇన్సులిన్ వాడిన పిల్లికి ఇవ్వకూడదని వాటి లేబుల్ మీదే ఉంటుంది. షుగర్ అంకె మామూలుగా ఉంటూనే కీటోన్లు (కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఇక ఉడకబెట్టిన చికెన్‌లో చాలినంత కాల్షియం ఉండదు, పచ్చి నెత్తళ్లు రోజూ పెడితే థయమిన్ (బి1 విటమిన్) లోపిస్తుంది. అప్పుడప్పుడు ఒక ముక్క సరే, భోజనం మొత్తం అదే కాకూడదు.

ప్యాకెట్ మీద పిండిపదార్థం ఎంతో సాధారణంగా రాయరు. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (యాష్, అంటే ఖనిజాలు) శాతాలు కూడి 100లోంచి తీసేయండి. ఎండు గింజల్లో 30 పైన మిగలడం మామూలు. ఇలాంటి పిల్లికి అంత పిండి వద్దు.

పెద్దాయన గారూ, మీ పిల్లికి ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించండి. మీకు హెచ్‌బీఏ1సీ ఎలాగో వాడికి ఇది అలాగ, గడిచిన ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది. ఆటోలో పడిన భయానికి అది మారదు. 246 నిజమా కాదా తేలిపోతుంది. కావాలంటే వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోండి. నీళ్లు ఎక్కువ తాగడానికి కిడ్నీ, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, పదేళ్ల పిల్లి కదా, అదే రక్తంలో అవీ చూడమనండి. పళ్లు కూడా చూపించండి. చిగుళ్లు చీము పట్టినా షుగర్ తిరగబెడుతుంది. రెమిషన్‌కి వచ్చిన పిల్లుల్లో నాలుగింట ఒకదానికైనా మళ్లీ వస్తుంది, రెండోసారి ఇన్సులిన్ మాన్పించడం మొదటంత తేలిక కాదు.

దురదకనో, దగ్గుకనో ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీస్తే ‘వీడికి షుగర్ ఉండేది’ అని ముందే గట్టిగా చెప్పండి. ముఖ్యంగా వారాల తరబడి పనిచేసేవి. రెమిషన్ పోవడానికి నేను ఎక్కువగా చూసే కారణం ఇదే.

ఫ్రిజ్‌లో సీసా పారేయండి. మళ్లీ అవసరం పడితే కొత్తది, కొత్త డోసు, కొత్త సిరంజీ. గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది, నారింజ మూత 100 సిరంజీయే వాడాలి. ఎర్ర మూత 40 సిరంజీతో ఒక యూనిట్ గీత దాకా తీస్తే రెండున్నర యూనిట్లు పోతుంది. మెడికల్ షాపులో ఏది చేతికొస్తే అది ఇచ్చేస్తారు, మీరే చూసుకోవాలి.

తిండి మానేసి, వాంతులై, మందకొడిగా పడుకుంటే అంకెలతో పనిలేదు, వెంటనే తీసుకెళ్లండి.

పెరంబూరు రిటైర్డ్:

డాక్టర్ గారికి, పిల్లులమ్మకి థాంక్స్. లిట్టర్ ఉండలు తూస్తున్నాను. ఇప్పటిదాకా పెద్ద తేడా లేదు, స్ట్రిప్ రంగు మారలేదు. ఫ్రక్టోసమైన్‌కి రక్తం ఇచ్చాం, ఇంకా రిపోర్టు రాలేదు. ఈసారి బుట్ట మీద దుప్పటి కప్పి తీసుకెళ్లాను, అరుపులు కొంత నయం. మామికి ప్యాకెట్ ఇచ్చాం, తీసుకుంది. కానీ పెట్టేటప్పుడు పైన ఒక చుక్క పెరుగు వేయనా అని అడుగుతోంది. వేయొచ్చా?

వేళచ్చేరి పిల్లులమ్మ:

అన్నం లేకుండా అయితే ఒక చెంచా చివర వేయనివ్వండి బాబాయ్ గారూ. రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టండి.