పదహారు వన్నెల బంగారం: ఆ పదహారు ఎక్కడిది?

ప్రశ్న: "పదహారు వన్నెల బంగారం" అంటాం, "పదహారణాల తెలుగమ్మాయి" అనీ అంటాం. రెండూ రూపాయికి పదహారు అణాల లెక్కేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: రెండోది అణాల లెక్కేనండీ. మొదటిదానికి అణాలతో పని లేదు, అది గీటురాయి లెక్క.

వన్నె అంటే రంగు, సంస్కృత "వర్ణ"కి తద్భవం. రాగి కలిస్తే బంగారం ఎరుపెక్కుతుంది, వెండి కలిస్తే పాలిపోతుంది. అందుకే ఒరగల్లు, అంటే గీటురాయి మీద నగతో ఒక గీత, నాణ్యం తెలిసిన బంగారంతో పక్కనే ఇంకో గీత గీసి, రెండిటి వన్నెనీ పోల్చి చూసేవారు.

ఇక పదహారు సంగతి. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో (భాగంలో) అక్షశాల, అంటే బంగారం పని జరిగే రాజుగారి కార్ఖానా గురించి ఒక అధ్యాయం ఉంది. అక్కడ సువర్ణం అనే తూకానికి 16 మాషాలు, మాషానికి 4 కాకణులు. ఒక్కో కాకణి బంగారం తగ్గించి, అంత రాగి చేరుస్తూ 4 మాషాల రాగి దాకా, అంటే 16 కాకణుల దాకా వెళ్తే "షోడశ వర్ణకాః", అంటే పదహారు వన్నెలు. మొత్తం 64 కాకణులు కాబట్టి మెట్టుకీ మెట్టుకీ తేడా ఒకటిన్నర శాతం పైచిలుకు మాత్రమే. అంత చిన్న తేడాని రాతి మీద గీత చూసి పట్టాలి! అట్టడుగు మెట్టులో కూడా 75 శాతం బంగారం ఉంటుంది, అంటే ఇప్పటి 18 క్యారెట్లు. మన నుడికారం ఈ సంప్రదాయం నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఆ అధ్యాయంలో నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటుంది. కళింగ దేశంలోనో తాపీ నదిలోనో దొరికే, పెసర రంగు రాయే మేలైన ఒరగల్లట. మోసాల గురించీ రాశాడు. ఇంగిలీకం (పాదరసం ఉండే ఎర్ర ఖనిజం) గానీ, గోమూత్రంలో నానిన పుష్పకాసీసం (ఒక రకం ఇనుప లవణం) గానీ వేళ్లకి రాసుకుని తాకితే బంగారం తెల్లబడుతుందట.

ప్రశ్న: మరి హిందీలో "బారహ్ బానీ" అంటారు కదా సార్, అక్కడ పన్నెండేనా?

జవాబు: అవునండీ. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో ఆ పన్నెండు మెట్లూ ఉన్నాయి. పారసీకులది పది మెట్ల లెక్క అని కూడా ఆయనే చెప్పాడు. బానీ కూడా వర్ణం నుంచి పుట్టిన మాటే. మెట్లు ఎన్ని పెట్టుకున్నా పై మెట్టు మేలిమి బంగారమే. క్యారెట్ల 24 మాత్రం రోమన్ల నుంచి వచ్చింది, వాళ్ల సాలిడస్ అనే బంగారు నాణెం తూకం 24 సిలిక్వాలు (సిలిక్వా అంటే వాళ్ల చిన్న తూకం).

ప్రశ్న: "పుటం పెట్టిన బంగారం" అంటే ఊరికే కరిగించడమేనా?

జవాబు: కాదండీ, కల్తీని వేరు చెయ్యడం. బంగారాన్ని సీసంతో కలిపి కాలిస్తే రాగిలాంటివి పోతాయి, వెండి మాత్రం పోదు. దానికి ఉప్పు కావాలి. ఇప్పటి టర్కీలో ఉన్న సార్దిస్ నగరంలో, పక్టోలస్ ఏటి పక్కన, క్రీ.పూ. 6వ శతాబ్దం నాటి బంగారు శుద్ధిశాల తవ్వకాల్లో బయటపడింది. వెండి కలిసిన బంగారాన్ని పలుచని రేకులుగా కొట్టి, ఉప్పుతో కలిపి మట్టికుండలో పెట్టి, కరగకుండా గంటల తరబడి కాల్చేవారు. వెండి క్లోరైడుగా మారి కుండ మట్టిలోకి ఇంకిపోయేది. ఆ కుండపెంకుల నుంచి వెండిని మళ్లీ తీసుకునేవారు. సార్దిస్ రాజధానిగా లిడియా దేశాన్ని ఏలిన క్రీసస్ రాజు బంగారానికీ వెండికీ వేర్వేరు నాణేలు వెయ్యగలిగింది ఈ పద్ధతి వల్లే.