గ్రానైట్‌లో జిర్కోనియం సగమే వస్తోంది, స్టాండర్డ్ మాత్రం సరిగ్గా ఉంది. ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. తిరుపతిలో జియాలజీలో పరిశోధన చేస్తున్నాను. చంద్రగిరి వైపు క్వారీల నుంచి ఎనిమిది గ్రానైట్ నమూనాలు, ఆ గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చిన డోలరైట్ (బసాల్ట్ జాతి నల్లరాయి) డైకుల నుంచి ఆరు నమూనాలు తెచ్చాను. (తిరుమల ఘాట్ రోడ్డులోని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ, అంటే పాత రాళ్లకూ వాటి మీది కొత్త పొరలకూ మధ్య కాలవిరామపు గీత, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం కాబట్టి అక్కడ సుత్తి పెట్టలేదు.) మూత లేని టెఫ్లాన్ బీకర్లలో హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్, పెర్క్లోరిక్ యాసిడ్లు పోసి, హాట్ ప్లేట్ మీద పొడి కరిగించి, బయట ఒక ల్యాబ్‌లో ఐసీపీ మాస్ (ద్రావణంలోని మూలకాలను బరువును బట్టి లెక్కపెట్టే మెషీన్) మీద కొలిపించాను.

డైకుల అంకెలు ఎక్స్‌ఆర్ఎఫ్‌తో (యాసిడ్‌లో కరిగించకుండా ఎక్స్‌రేలతో కొలిచే పద్ధతి) బాగానే కలిశాయి. గ్రానైట్‌లో మాత్రం జిర్కోనియం ఎక్స్‌ఆర్ఎఫ్‌లో 210 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని భాగాలు) ఉంటే ఇందులో 96 వచ్చింది. ఎనిమిదింటిదీ ఇదే కథ. తోడుగా పెట్టిన బీహెచ్‌వీఓ-2 స్టాండర్డ్‌కు (విలువలు ముందే తెలిసిన ప్రామాణిక రాతిపొడి) 170 వచ్చింది, దాని అసలు విలువ 172. స్టాండర్డ్ ఇంత బాగా వచ్చాక నా నమూనాలు ఎలా తప్పుతాయి? వచ్చే నెల మా గైడ్‌గారికి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:
అమ్మా, మెషీన్‌ను అనుమానించకు. దాని దాకా చేరిన జిర్కోనియాన్ని అది సరిగ్గానే లెక్కపెట్టింది. మిగతా సగం నీ బీకరు అడుగునే ఉండిపోయింది.

బీహెచ్‌వీఓ-2 హవాయి బసాల్ట్. అందులో జిర్కోనియం గాజులోనూ మామూలు ఖనిజాల్లోనూ చెదిరి ఉంటుంది, యాసిడ్ పోస్తే కరిగిపోతుంది. గ్రానైట్‌లో అది ఎక్కువగా జిర్కాన్ అనే మొండి ఖనిజపు స్ఫటికాల్లో ఉంటుంది. మూత లేని బీకర్లో ఎన్ని గంటలు కాచినా జిర్కాన్ పూర్తిగా లొంగదు. నువ్వు బసాల్ట్‌ను సాక్షిగా పెట్టి గ్రానైట్ గురించి అడిగావు. ఈసారి జీఎస్‌పీ-2 లాంటి గ్రానోడయొరైట్ స్టాండర్డ్ పెట్టు. దాని జిర్కోనియం 550 పీపీఎం. కరగడంలో లోపముంటే అక్కడే బయటపడుతుంది.

ఎక్స్‌ఆర్ఎఫ్ అంకె తెచ్చి ఆ ఒక్క గడిలో వేసేసి ఊరుకోవద్దు. జిర్కాన్‌తో పాటు హాఫ్నియం పోతుంది, ఇటర్బియం, లుటీషియం లాంటి బరువు రేర్ ఎర్త్‌లూ (అరుదైన మృత్తిక మూలకాల్లో బరువైనవి) కొంత పోతాయి. అప్పుడు నీ రేర్ ఎర్త్ గ్రాఫ్ కుడివైపు, అంటే బరువు మూలకాల వైపు, కిందికి జారుతుంది. బరువు రేర్ ఎర్త్‌లను పట్టి ఉంచే గార్నెట్ ఖనిజం వల్లా గ్రాఫ్ ఇలాగే జారుతుంది. దాన్ని చూసి 'ఈ శిలాద్రవం పుట్టిన చోట గార్నెట్ మిగిలిపోయింది' అని రాస్తావు. కరగని పొడిని భూగర్భ చరిత్రగా చదివినట్టవుతుంది. నాకు భయమంతా అక్కడే.

50 మిల్లీగ్రాముల పొడిని, స్టీలు తొడుగున్న టెఫ్లాన్ బాంబులో (ఒత్తిడి తట్టుకునేలా గట్టిగా మూసే పాత్ర) హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్‌లతో 190 డిగ్రీల దగ్గర కనీసం 48 గంటలు ఉంచు. మూసిన పాత్రలో పెర్క్లోరిక్ వెయ్యొద్దు. తర్వాత ఆరబెట్టి, నైట్రిక్ పోసి మళ్లీ ఆరబెట్టడం రెండు మూడుసార్లు చెయ్యాలి. లేకపోతే కాల్షియం, మెగ్నీషియం ఫ్లోరైడ్లు మిగిలి రేర్ ఎర్త్‌లను పట్టుకుంటాయి.

మరో సమాధానం:
సార్ చెప్పింది నిజం. లిథియం మెటాబోరేట్‌తో సుమారు 1000 డిగ్రీల దగ్గర కరిగించినా జిర్కాన్ లొంగుతుంది. కానీ ఉప్పు పెరుగుతుంది. ద్రావణంలో కరిగిన ఘనపదార్థం 0.2 శాతం దాటకుండా పలుచన చెయ్యాలి, సీసం కొంత ఆవిరైపోవచ్చు కూడా.

చెల్లీ, పొడి దేనిలో నూరావు? టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లు అయితే టంగ్‌స్టన్, కోబాల్ట్ అంకెలు వదిలెయ్, అవి మిల్లువే. స్టీలు మిల్లయితే క్రోమియం మీద అనుమానం పెట్టుకో. నేనైతే చివరి నూరుడు అగేట్ కల్వంలోనే చేస్తాను, చెయ్యి నొప్పి పుట్టినా సరే.

ఇంకొకటి, గ్రానైట్‌లో బేరియం ఎక్కువ. బేరియం 135కి ఆక్సిజన్ 16 తోడైతే 151 అవుతుంది, అది యూరోపియం బరువే. 137కి తోడైతే 153, అదీ యూరోపియం బరువే. అందుకే మెషీన్ ఆ బేరియం ఆక్సైడ్‌ను యూరోపియంగా లెక్కపెట్టొచ్చు. సీరియం ఆక్సైడ్ నిష్పత్తి (మెషీన్‌లో ఆక్సైడ్లు ఎంత ఏర్పడుతున్నాయో చెప్పే కొలత) 2 శాతం లోపు ఉందా అని ల్యాబ్‌ను అడుగు.

అడిగినవారు:
సార్, అక్కా, ఇద్దరికీ చాలా థాంక్స్. దాచిన ద్రావణాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున సన్నటి మడ్డి కనిపించింది. మైక్రోస్కోప్ కింద పెడితే పొడవాటి చిన్న పలకల గింజలు, జిర్కాన్లే! అప్పట్లో దుమ్మనుకుని పైతేట మాత్రం పంపాను. నూరింది టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లులోనే అక్కా. పాత కొలతల్లో ఏవైనా ఉంచుకోవచ్చా?

సమాధానం:
గ్రానైట్‌లో రుబీడియం, స్ట్రాన్షియం, బేరియం ఉంచుకో. అవి ఫెల్డ్‌స్పార్‌లో, మైకాలో ఉంటాయి, కరిగిపోతాయి. జిర్కోనియం, హాఫ్నియం, బరువు రేర్ ఎర్త్‌లు, యురేనియం మళ్లీ చెయ్యాల్సిందే. తేలిక రేర్ ఎర్త్‌లను కొత్త కొలతతో పోల్చాకే వాడు. ముందు ఒక్క గ్రానైట్‌ను, జీఎస్‌పీ-2ను, పొడి లేకుండా యాసిడ్లు మాత్రమే పోసిన ఖాళీ బాంబును కలిపి నడిపి చూడు. హైడ్రోఫ్లోరిక్ ముట్టే ముందు కాల్షియం గ్లూకోనేట్ జెల్ (ఆ యాసిడ్ చర్మం మీద పడితే రాసే మందు) చేతికందేలా ఉండాలి, ల్యాబ్‌లో ఒంటరిగా ఉండకూడదు. ఇది మాత్రం తప్పదమ్మా.