పార్ట్‌టైం పోలీసులు: రెగ్యులర్ సిబ్బందికి ఆసరానా, ఖాళీలకు అతుకా?

తీరంగాలి

ప్రశ్న సూటిగా పెడతాను. వేరే ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే, వారంలో కొన్ని గంటలు యూనిఫాం వేసుకుని రెగ్యులర్ పోలీసులకు తోడుగా నిలబడే రిజర్వ్ దళం పెట్టాలా, వద్దా? నా ఓటు పెట్టాలనే.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. ఇంగ్లండ్‌లో స్పెషల్ కానిస్టేబుళ్ల చట్టం 1831లోనే వచ్చింది. ఈరోజుకీ వాళ్లు జీతం లేకుండా నెలకు కనీసం 16 గంటలు పనిచేస్తారు. అరెస్టు సహా రెగ్యులర్ కానిస్టేబుల్‌కి ఉన్న అధికారాలన్నీ వాళ్లకూ ఉంటాయి. సింగపూర్‌లో ఇలాంటి వాలంటీర్ దళం 1946 నుంచి నడుస్తోంది. ఎన్నికలు, వరదలు, పెద్ద పెద్ద సభలు ఉన్న రోజున ఒక్కసారిగా వందల మంది అదనంగా కావాలి. ఆ ఒక్క రోజు కోసం ఏడాది పొడవునా వాళ్లందరికీ జీతాలిచ్చి కూర్చోబెట్టలేం కదా.

ఇంకో మేలు కూడా ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రేపు పొద్దున తన మామూలు ఉద్యోగానికి వెళ్లిపోయే మనిషి స్టేషన్లో కూర్చుని ఉంటే, అక్కడ ఎవరిమీదా ఊరికే చెయ్యి లేవదు.

పాతకాపు

తీరంగాలి గారూ, బందోబస్తు వరకూ మీతో నాకు పేచీ లేదు. తాడు పట్టుకుని జనాన్ని ఆపడం, ట్రాఫిక్ మళ్లించడం, వరదలో ముసలివాళ్లను పడవ ఎక్కించడం... ఇవన్నీ రిజర్వ్ వాళ్లు చక్కగా చేస్తారు. అరెస్టు అధికారం అన్నారే, అక్కడ ఆగండి.

నేను చాలాకాలం స్టేషన్ రైటర్ పని, అంటే కేసు కాగితాలు రాసే పని చూశాను. అరెస్టు అనేది పది నిమిషాల పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. చిన్న ఫోన్ దొంగతనమే అనుకోండి. ఆ ఫోన్ ఎక్కడ దొరికింది, ఎన్ని గంటలకు, ఎవరి సమక్షంలో, దాని ఐఎంఈఐ నంబరెంత, అన్నీ పంచనామాలో ఎక్కాలి. సీలు పడాలి, పంచుల (అక్కడున్న సాక్షుల) సంతకాలు పడాలి. పంచనామాలో సాయంత్రం ఆరున్నర అని, కేసు డైరీలో ఏడు అని రాసుకున్నారనుకోండి, విచారణ రోజున డిఫెన్సు లాయరు పట్టుకునేది ఆ అరగంటనే. అప్పుడు బోనెక్కి జవాబు చెప్పాల్సింది ఎవరు? ఆ రోజు వాణ్ని పట్టుకున్న మనిషి.

రెగ్యులర్ కానిస్టేబుల్‌కి సమన్లొస్తే కోర్టుకెళ్లడం డ్యూటీ కిందే లెక్క. మీ రిజర్వ్ మనిషికి సమన్లొస్తే ఆయన యజమాని సెలవిస్తాడా? వాయిదా పడితే మళ్లీ ఇస్తాడా? ఈలోగా ఆయన ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్లిపోతే? సాక్షి రాకపోతే కేసు పోతుంది, ఫోన్ పోగొట్టుకున్నవాడికి మిగిలేది ఏమీ ఉండదు.

ఇక నెలకు 16 గంటలంటే రెండు షిఫ్టులు. తాగి వీరంగమాడేవాణ్ని మాటలతోనే దించడం రోజూ చేస్తేనే వస్తుంది. 2015లో అమెరికాలోని టల్సాలో 73 ఏళ్ల రిజర్వ్ పోలీసు ఒకాయన టేజర్ (కరెంటు షాక్ కొట్టి మనిషిని ఆపే పరికరం) అనుకుని తుపాకీ పేల్చాడు. ఎరిక్ హారిస్ అనే వ్యక్తి చనిపోయాడు. పేల్చినాయన అసలు వృత్తి బీమా వ్యాపారం.

తీరంగాలి

కోర్టు సంగతి నేను ఇంత దూరం ఆలోచించలేదు, అది గట్టి పాయింటే. కానీ టల్సా ఉదాహరణ మీ వాదనకు నిలబడదు. 2021లో మినెసోటాలో డాంటే రైట్ అనే యువకుణ్ని కాల్చినావిడ కూడా టేజర్ అనుకునే కాల్చింది. ఆవిడ రెగ్యులర్ ఆఫీసర్, 26 ఏళ్ల సర్వీసు. మరి అక్కడ అలవాటు ఏమైంది?

పాతకాపు

న్యాయంగా అడిగారు. అనుభవం ఉన్నంత మాత్రాన తప్పు జరగదని నేననను. తేడా ఎక్కడో చూడండి. టల్సా ఆయన షెరీఫ్‌కి (అక్కడి పోలీసు అధిపతికి) స్నేహితుడు, ఆ ఆఫీసుకు వాహనాలూ పరికరాలూ విరాళమిచ్చినవాడు. ఆయన శిక్షణ రికార్డుల మీదే ప్రశ్నలు లేచాయి, షెరీఫ్ అదే ఏడాది పదవి వదులుకోవాల్సి వచ్చింది. పార్ట్‌టైం దళంలో నా అసలు భయం ఇదే. పలుకుబడి ఉన్నవాడు యూనిఫాం కోసం వస్తాడు, వద్దనే ధైర్యం స్టేషన్‌కి ఉండదు.

సూటిమాట

ఛత్తీస్‌గఢ్‌ను మరిచిపోయారా అందరూ? ఐదో తరగతి చదివితే చాలని గిరిజన యువకుల్ని ఎస్పీఓలుగా (స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా) తీసుకుని, తుపాకులిచ్చి, మావోయిస్టుల మీదికి పంపారు. అది రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. "సహాయక పోలీసులు" అనగానే నాకు గుర్తొచ్చేది వాళ్లే.

తీరంగాలి

సూటిమాట గారూ, అది నేనడిగే దళం కాదు. వాళ్లకది చేతిలో ఉన్న ఒకే జీవనాధారం, పంపింది యుద్ధం లాంటి చోటికి. నేనడుగుతున్నది వేరే ఆదాయం ఉండి, ఇష్టపడి వచ్చేవాళ్ల గురించి.

లెక్కచూద్దాం

"ఇష్టపడి వచ్చేవాళ్లు" అనే మొదలవుతుంది ఏదైనా. హోంగార్డుల్నే చూడండి. 1946లో బొంబాయిలో పౌరుల స్వచ్ఛంద దళంగా పుట్టింది. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా ఒకే తీరులో పునర్వ్యవస్థీకరించారు. కాగితం మీద ఈరోజుకీ వాలంటీర్లే. వాస్తవంలో ఏళ్ల తరబడి రోజూ డ్యూటీ చేస్తూ, దానిమీదే పిల్లల్ని చదివించుకుంటున్నవాళ్లు ఎంతమందో. చివరికి 2015లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, నెలలో 30 రోజులు పనిచేస్తే పోలీసుల కనీస వేతనానికి సమానమయ్యేలా డ్యూటీ అలవెన్సు ఇవ్వమంది. పర్మనెంటు మాత్రం చేయమనలేదు.

నేను రిజర్వ్‌కి వ్యతిరేకిని కాను. ఖాళీలు భర్తీ చేయని ప్రభుత్వం చేతికి రిజర్వ్ దళాన్ని ఇవ్వడానికి వ్యతిరేకిని. కానిస్టేబుల్ చేయాల్సిన పని సగం ఖర్చుతో అయిపోతుంటే ఏ ఆర్థిక శాఖ నోటిఫికేషన్ ఇస్తుంది? 2006లో ఐర్లాండ్ గార్డా రిజర్వ్ (అక్కడి పార్ట్‌టైం పోలీసు దళం) మొదలుపెట్టినప్పుడు అక్కడి పోలీసుల సంఘం గట్టిగా అడ్డుపడింది. దాన్ని ఉద్యోగుల స్వార్థమని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

పైగా వాలంటీర్లు ఎల్లకాలం ఉండరు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి 2012లో స్పెషల్ కానిస్టేబుళ్లు 20 వేల పైచిలుకు. పదేళ్లు తిరిగేసరికి అందులో సగం కూడా లేరు. వాళ్లను నమ్ముకుని రెగ్యులర్ పోస్టులు తగ్గించుకుంటే, వాళ్లు మానేసిన రోజున గస్తీకి ఎవరు వెళ్తారు?

తీరంగాలి

సరే, అయితే చట్టంలోనే కట్టేద్దాం. మంజూరైన రెగ్యులర్ పోస్టుల్లో నూటికి తొంభై ఐదు నిండాకే రిజర్వ్‌లోకి తీసుకోవాలి. ఎవరికీ నెలకు ఇన్ని గంటలకు మించి డ్యూటీ వేయకూడదు. తుపాకీ ఉండదు. ఒంటరిగా పంపరు. ఎంపిక స్టేషన్‌లో కాదు, జిల్లా బయటి బోర్డు చేస్తుంది. దీనికి ఒప్పుకుంటారా?

పాతకాపు

ఆ తొంభై ఐదు షరతు ఉంటే సగం ఒప్పుకున్నట్టే. ఇంకో రెండు చేర్చండి. తాను ఉండే చోటా, వ్యాపారం చేసే చోటా డ్యూటీ వేయకూడదు. లేకపోతే అప్పు ఎగ్గొట్టినవాడి బండిని ఆపేది ఆ అప్పిచ్చినవాడే అవుతాడు. రెండోది, పంచనామా, స్టేట్‌మెంటు, అరెస్టు మెమో, వీటిలో దేనిమీదా రిజర్వ్ మనిషి సంతకం పడకూడదు. పక్కనున్న రెగ్యులర్ కానిస్టేబులే పెట్టాలి, కోర్టుకు ఆయనే వెళ్లాలి.

తీరంగాలి

మొదటిది ఒప్పుకుంటాను. రెండోదానికి ఒప్పుకోను. కళ్లారా చూసినవాడు రిజర్వ్ మనిషి అయినప్పుడు సంతకం ఇంకొకరు పెడితే అది అబద్ధపు కాగితం అవుతుంది. దానికి బదులు, కోర్టుకు పిలుపొచ్చిన రోజు జీతం కోయకుండా యజమాని సెలవివ్వాలని చట్టంలో రాద్దాం.

పాతకాపు

అది రాయించండి ముందు. రాసినరోజు నా రెండో షరతు వెనక్కి తీసుకుంటాను.